సున్నా నంబరు పెద్దమనిషి

కంప్యూటర్‌లో అందరికంటే పెద్దవాడి నంబరు ఎంతో తెలుసా అమ్మలూ? సున్నా. యూనిక్స్, లైనక్స్ వంశానికి చెందిన ప్రతి యంత్రంలోనూ వాడుకునేవాళ్లకి తలో నంబరు ఉంటుంది. నీ లాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నావుగా, అందులో నీ నంబరు 1000. రేపు మీ తమ్ముడికి ఇంకో ఖాతా తెరిస్తే వాడిది 1001. సున్నా మాత్రం రూట్ అనే ఆయనది. ఆయన ఏ ఫైలైనా చదువుతాడు, ఏదైనా చెరిపేస్తాడు, ఎవరి పనినైనా మధ్యలో ఆపేస్తాడు. కంప్యూటర్ ఆయన పేరూ అడగదు, మొహమూ చూడదు. నంబరు సున్నా అయితే చాలు, సరేనంటుంది.

హ్యాకర్లు పాస్‌వర్డ్ ఎలా కనుక్కుంటారని మొన్న అడిగావు. అది సగం ప్రశ్నే. ఎవరిదో ఒకరి పాస్‌వర్డ్ దొరకడం పెద్ద విశేషమేం కాదు. గుమాస్తా ఖాతాలో దూరినవాడు గుమాస్తా చెయ్యగలిగిన పనులే చెయ్యగలడు. అసలు కథంతా ఆ తర్వాతే ఉంది. వెయ్యో నంబరువాడు సున్నా నంబరువాడిగా ఎలా మారతాడు? దాన్నే ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. సినిమాల్లో అయితే నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు కురిపించి, కుర్రాడి చేత నాలుగు మీటలు టకటకా కొట్టించి, పని అయిపోయిందనిపిస్తారు. నిజంలో చాలాసార్లు ఏ తాళమూ పగలదు. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ల చేతే పని చేయించుకుంటారు. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది, విను.

ముందు ఈ ఎక్కువ తక్కువలు ఎక్కడ మొదలవుతాయో చూద్దాం. ప్రాసెసర్‌లోనే. 1982లో వచ్చిన ఇంటెల్ 80286 చిప్పులో నాలుగు స్థాయిలు పెట్టారు, సున్నా నుంచి మూడు దాకా. వాటిని రింగులంటారు. ఆ ఆలోచన అంతకు ముందే మల్టిక్స్ అనే పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉంది. నాలుగు ఇచ్చినా లైనక్సూ విండోసూ వాడుకునేది రెండే. రింగ్ సున్నాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్, రింగ్ మూడులో మిగతా ప్రోగ్రాములన్నీ. నువ్వు పాటలు వినే ప్రోగ్రామ్ నేరుగా డిస్కు జోలికి వెళ్లలేదు. ఫలానా ఫైలు కావాలని కెర్నెల్‌ని అడగాలి. అడిగింది ఎవరు, వాళ్లకి ఆ హక్కు ఉందా అని చూసుకుని కెర్నెల్ తెచ్చిస్తుంది.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. రింగ్ సున్నా వేరు, రూట్ సున్నా వేరు. రూట్ నడిపే ప్రోగ్రాములు కూడా ఉండేది రింగ్ మూడులోనే. వాళ్లడిగితే కెర్నెల్ కాదనదు, అంతే తేడా.

సరే, ఇప్పుడొక చిక్కు. పాస్‌వర్డులు దాచే ఫైలు రూట్ సొత్తు. దానిలో రాయడానికి ఇంకెవరికీ వీల్లేదు, ఉండకూడదు కూడా. మరి నీ పాస్‌వర్డ్ నువ్వే మార్చుకోవాలంటే? ప్రతిసారీ కంప్యూటర్ చూసుకునే ఆయన దగ్గరికెళ్లి చేతులు కట్టుకు నిలబడాలా? ఈ ముడి విప్పింది బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ కట్టిన డెనిస్ రిచీ. మామూలుగా ప్రోగ్రామ్ ఎవరు నడిపితే వాళ్ల హక్కులతో నడుస్తుంది. రిచీ ఏమన్నాడంటే, కొన్ని ప్రోగ్రాముల మీద ఒక గుర్తు పెడదాం, ఆ గుర్తున్నవి నడిపినవాడి హక్కులతో కాకుండా సొంతదారు హక్కులతో నడవాలి అన్నాడు. పాస్‌వర్డ్ మార్చే ప్రోగ్రామ్ సొంతదారు రూట్. కాబట్టి నువ్వు నడిపినా అది రూట్ హోదాలో నడుస్తుంది. నీ పాత పాస్‌వర్డ్ అడిగి, సరిపోతే ఆ పెద్ద ఫైలులో నీకు సంబంధించిన లైను ఒక్కటే మార్చి బయటికొస్తుంది. ఆ గుర్తు పేరు సెట్‌యూఐడీ. 1973లో దీనికి పేటెంట్ కోసం దరఖాస్తు పెడితే 1979లో మంజూరైంది. ఒక్క బిట్టుకి పేటెంటు! యూనిక్స్‌లో ఇంతకంటే తెలివైన ఏర్పాటు ఇంకోటి లేదని నా ఉద్దేశం. ఇంతకంటే తలనొప్పి తెచ్చిపెట్టిందీ ఇంకోటి లేదు.

ఎందుకో పెళ్లింటి లెక్కన చెబుతాను. పెళ్లింట్లో సామాన్ల గది తాళంచెవి ఎవరో ఒక నమ్మకస్తుడి మొలలోనే ఉంటుంది. పిల్లకాయలకి ఆ గదిలోకి ప్రవేశం లేదు. వాళ్లు తాళం పగలగొట్టరు. చక్కగా వెళ్లి, “మగపెళ్లివారు విడిదింట్లో లడ్డూలు తెమ్మంటున్నారు బాబాయ్” అంటారు. ఆయన కంగారుగా తలుపు తీసి పళ్లెం నిండా పెట్టిస్తాడు. తాళం బాగానే ఉంది, బాబాయీ మంచివాడే. ఆయన అధికారం వేరొకరి నోటి మాట మీద నడిచింది, అక్కడే వచ్చింది చిక్కంతా.

కంప్యూటర్లలో ఇలాంటిది నిజంగా జరిగిన ఉదంతం ఒకటుంది. నార్మ్ హార్డీ అనే ఆయన 1988లో రాశాడు. జరిగింది అంతకు పదేళ్ల పైమాటే, అమెరికాలో టైమ్‌షేర్ అనే కంపెనీలో. కంప్యూటర్ సమయాన్ని అద్దెకిచ్చేవాళ్లు వాళ్లు. అక్కడి ఫోర్ట్రాన్ కంపైలర్‌కి తన సొంత డైరెక్టరీలో రాసుకునే అనుమతి ఇచ్చారు, ఏ సదుపాయాన్ని ఎంతమంది వాడుతున్నారో లెక్క రాసుకోవడానికి. అదే డైరెక్టరీలో ఖాతాదారుల బిల్లుల ఫైలు కూడా ఉంది. ఆ కంపైలర్‌కి ఇంకో సౌకర్యం ఉండేది. ప్రోగ్రామ్‌లో తప్పులు వెతుక్కోవడానికి పనికొచ్చే వివరాలను ఏ ఫైలులో రాయమంటావో నువ్వే పేరు చెప్పొచ్చు. ఒకాయన ఆ బిల్లుల ఫైలు పేరు చెప్పాడు. ఆ ఫైలుని ముట్టుకునే హక్కు ఆయనకి లేదు. కంపైలర్‌కి ఉంది. కంపైలర్ వినయంగా తెరిచి, బిల్లుల మీద ఆ వివరాలు రాసేసింది. బిల్లులు గల్లంతు. ఇందులో కంపైలర్ తప్పేమిటి? తన సొంత పనికి ఇచ్చిన అధికారమేదో, ఎదుటివాడి తరఫున చేస్తున్న పనేదో దానికి వేరుగా తెలిసే దారి లేదు. హార్డీ ఈ రకానికి ‘తికమకపడ్డ ప్రతినిధి’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇవాళ్టికీ పాఠాల్లో ఆ పేరే చెబుతారు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. ఇందులో మొదట దొంగే లేడు. ఒక చెడిపోయిన ఫైలుంది, వదిలిపెట్టని మనిషొకడు ఉన్నాడు.

జర్మనీలో సీఎం4ఆల్ అని వెబ్‌సైట్లకు చోటిచ్చే కంపెనీ. అక్కడ మాక్స్ కెల్లర్మన్ అనే ప్రోగ్రామర్. 2021 ఏప్రిల్ నెలాఖరులో ఒక ఖాతాదారు ఫిర్యాదు వచ్చింది: దించుకున్న లాగ్ ఫైలు విప్పుకోవడం లేదు. చూస్తే ఫైలు చివర ఉండే సరిచూపు సంఖ్య తప్పు. లోపలి సమాచారం బాగానే ఉంది. ఏదో జరిగిందిలే అని చేత్తో సరిదిద్ది ఫిర్యాదు మూసేశాడు. కొన్ని నెలలకి మళ్లీ అదే. మళ్లీ ఇంకోటి. ఇలాంటప్పుడు చాలామంది డిస్కు మీదో కరెంటు మీదో నెపం పెట్టి ఊరుకుంటారు. ఈయన కూర్చుని చెడ్డ ఫైళ్లన్నీ పోగేశాడు. అన్నింటిలోనూ చివరి ఎనిమిది బైట్లే పాడయ్యాయి, అన్నింటిలోనూ ఒకే ఎనిమిది బైట్లు వచ్చి కూర్చున్నాయి. పైగా చెడినవాటిలో ఎక్కువ భాగం నెలలో ఆఖరి రోజువి! యాదృచ్ఛికంగా చెడేదానికి క్యాలెండర్ ఎలా తెలుస్తుంది?

ఆ ఎనిమిది బైట్లూ జిప్ ఫైళ్లలో విషయసూచిక మొదట వచ్చే గుర్తు. అక్కడ దారం దొరికింది. ఖాతాదారు నెల మొత్తం లాగ్ కావాలంటే సర్వర్ రోజువారీ ఫైళ్లని ఒకదాని వెనక ఒకటి పంపి, ఆఖరి రోజు ఫైలు అయ్యాక జిప్ విషయసూచిక జోడించి పంపుతుంది. ఆ సూచిక వెళ్లాల్సింది ఖాతాదారు దగ్గరికి. అది వచ్చి డిస్కులోని అసలు ఫైలు తోక మీద పడుతోంది. తమాషా ఏమిటంటే, ఆ సర్వర్ ప్రోగ్రామ్‌కి ఆ ఫైలులో రాసే అనుమతే లేదు. చదవడం వరకే.

కెల్లర్మన్ మొదట తన కోడునే అనుమానించాడు. అది మంచి ప్రోగ్రామర్ల లక్షణం. తప్పు కెర్నెల్‌దే అని అరవడం అందరికీ సులువు, నూటికి తొంభై తొమ్మిదిసార్లు అది మన తప్పే అవుతుంది. చివరికి రెండే రెండు బుల్లి ప్రోగ్రాములు రాశాడు. ఒకటి ఫైలులో ‘ఏ’ అక్షరాలు రాస్తూ పోతుంది. రెండోది అదే ఫైలుని నేరుగా పైపులోకి పంపి, వెనకే పైపులో ‘బీ’ అక్షరాలు రాస్తుంది. ఫైలు తెరిచి చూస్తే అందులో బీలు! ఫైలులో రాసేవాడు బీ రాయలేదు, బీ రాసేవాడు ఫైలులో రాయలేదు. అంటే మధ్యలో ఉన్న కెర్నెలే రాసింది.

ఎలాగంటే, ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకో ప్రోగ్రామ్‌కి సమాచారం పంపడానికి కెర్నెల్ ఇచ్చే గొట్టాన్ని పైపు అంటారు. అందులో మామూలుగా పదహారు అరలు, అరకి మెమరీలో ఒక పేజీ. చిన్న ముక్క ఏదైనా రాస్తే, కొత్త అర వృథా చెయ్యకుండా ముందున్న పేజీలో మిగిలిన ఖాళీలోనే చేర్చేస్తుంది. అలా చేర్చొచ్చు అని చెప్పడానికి అర మీద ఒక జెండా ఎగరేస్తుంది. ఫైలునుంచి నేరుగా పైపులోకి పంపేటప్పుడు మాత్రం కెర్నెల్ కాపీ చెయ్యదు. ఫైలుని చదివినప్పుడు మెమరీలో అట్టే పెట్టుకున్న పేజీ ఉంటుంది కదా, దాన్నే తెచ్చి అరలో తగిలిస్తుంది. అది అందరి ఉమ్మడి పేజీ. ఆ ఫైలు ఎవరు చదివినా చూసేది దాన్నే. కాబట్టి ఆ అర మీద ‘చేర్చొచ్చు’ అనే జెండా ఉండకూడదు. కానీ అరని మళ్లీ వాడేటప్పుడు పాత జెండా దించడం ఎవరో మరిచిపోయారు. ఇంతకు ముందు పనికి ఇచ్చిన అనుమతి ఈ పనికీ అంటుకుని ఉండిపోయింది. తర్వాత పైపులో ఏం రాసినా ఆ ఉమ్మడి పేజీలోకి, అంటే ఫైలులోకి పోయింది.

2016లో వచ్చిన ఒక మార్పులోనే ఆ జెండాని శుభ్రం చెయ్యకుండా వదిలేశారు. అప్పట్లో దానివల్ల హాని లేదు. 2020లో 5.8 కెర్నెల్ దగ్గర పైపు కోడుని చక్కబెడుతూ ‘చేర్చొచ్చు’ని జెండాగా మార్చారు, పాత మరుపుకి అప్పుడు కోరలొచ్చాయి. రెండు మార్పుల్లో ఏదీ విడిగా హాని చేసేది కాదు.

లాగ్ ఫైలు పోతే పోయింది, మరి భయమెందుకు అంటావేమో. చదివే హక్కు ఉన్న ఏ ఫైలులోనైనా దీంతో రాసెయ్యొచ్చు, అదీ భయం. ఖాతాల పట్టిక ఫైలు ఉందే, పాస్‌వర్డులు అందులోంచి ఎప్పుడో వేరే చోటికి మార్చేశారు గానీ, పట్టిక మాత్రం అందరూ చదవొచ్చు. దాని మొదటి లైనే రూట్‌ది. ఈ పద్ధతిలో పేజీలో మొట్టమొదటి బైటు మార్చడం కుదరదు, ఫైలు పొడవు పెంచడమూ కుదరదు. ఆ పరిమితులు ఎంత నిక్కచ్చిగా పనిచేసినా, రూట్ అనే పేరు తర్వాత ఉన్న భాగాన్ని మార్చడానికి ఏ అభ్యంతరమూ లేదు. అక్కడ తనకి తెలిసిన పాస్‌వర్డ్ రూపం దించేస్తే వెయ్యో నంబరువాడు సున్నా అయి కూర్చుంటాడు. పైగా ఆ మార్పు మెమరీలోని పేజీలోనే జరుగుతుంది, కెర్నెల్‌కి తెలియకుండా. వేరే కారణంతో డిస్కుకి ఎక్కితే తప్ప, యంత్రం ఆపి మళ్లీ వేస్తే జాడ కూడా ఉండదు.

2022 ఫిబ్రవరి 19న అది కెర్నెల్ లోపమని ఆయనకి తేలింది. మర్నాడే లైనక్స్ భద్రతా బృందానికి రాశాడు, మందుతో సహా. ఆ మర్నాడు గూగుల్ పిక్సెల్ 6 ఫోనులోనూ అది పనిచేస్తుందని చూసి ఆండ్రాయిడ్ వాళ్లకీ రాశాడు. 23న సరిచేసిన కెర్నెళ్లు వచ్చేశాయి. మార్చి 7న లోకానికి చెప్పాడు. డర్టీ పైప్ అని పేరు పడింది. మందు ఏమిటో తెలుసా? రెండు చోట్ల, చోటుకొక్క లైను: జెండా సున్నా చెయ్యి అని. ముందు సరిచేసి తర్వాత చెప్పడమనే ఈ మర్యాద ఉందే, దాని మీదే ఇవాళ మన బ్యాంకులూ ఫోన్లూ నిలబడి ఉన్నాయంటే అతిశయోక్తి కాదు. మార్చి 7 తర్వాత ఆ రహస్యం అందరిదీ, దొంగలది కూడా. అప్‌డేట్ అడిగితే ‘తర్వాత’ అని నొక్కేవాళ్లు దొంగకి వ్యవధి ఇస్తున్నారన్నమాట.

మరి ఆపడమెలా? జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే ఒక పెద్ద వ్యాసంలో చెప్పారు: ఏ ప్రోగ్రామ్‌కైనా ఏ మనిషికైనా ఆ పనికి ఎంత అధికారం కావాలో అంతే ఇవ్వాలి, చిటికెడు కూడా ఎక్కువ వద్దు. చెప్పడం తేలికే. పాటించడానికి లోకానికి దశాబ్దాలు పట్టింది. మన ఊళ్లలో నెట్ సెంటర్లు వెలిగిన రోజులు గుర్తుచేసుకో, అంటే నీకు గుర్తుండదులే. విండోస్ ఎక్స్‌పీ పెట్టెలు, కూర్చున్న ప్రతివాడూ అడ్మినిస్ట్రేటరే. పెన్ డ్రైవ్‌లో వైరస్ వస్తే అదీ అడ్మినిస్ట్రేటరే. పాపం దానికి పైకెక్కే శ్రమ కూడా లేదు. 2007లో విండోస్ విస్టా వచ్చి ప్రతి దానికీ ‘అనుమతించమంటారా’ అని అడగడం మొదలెడితే జనం విసుక్కున్నారు, చదవకుండానే అవునని నొక్కడం నేర్చుకున్నారు. అడగడం మంచిదే. అతిగా అడిగితే జవాబుకి విలువ పోతుంది.

లైనక్స్ సంగతికొస్తే, పింగ్ అని ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంది, అవతలి కంప్యూటర్ పలుకుతోందా లేదా చూడటానికి. దానికి నెట్‌వర్క్‌తో ఒక ప్రత్యేకమైన పని కావాలి, ఆ ఒక్కదాని కోసం ఏళ్ల తరబడి మొత్తం రూట్ అధికారమే ఇచ్చి ఉంచారు. 1999లో లైనక్స్ 2.2 వచ్చినప్పుడు రూట్ అధికారాన్ని ముక్కలు చేశారు. నెట్‌వర్క్ ముక్క ఒకటి, గడియారం మార్చే ముక్క ఒకటి, ఇలా. కావలసిన ముక్కే ఇస్తే పింగ్‌ని ఎవడైనా మోసం చేసినా వాడికి దక్కేది ఆ ముక్కే.

ఇంకా అందమైన పని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వాళ్లు చేశారు. దూరంనుంచి సర్వర్‌లోకి లాగిన్ కావడానికి వాడే ప్రోగ్రామ్ అది. ఎవరైనా లోపలికి రాబోతే మాట్లాడవలసింది అదే, కాబట్టి ముక్కూ మొహం తెలియనివాడు పంపిన సమాచారమంతా అదే చదవాలి. లాగిన్ చేయించాలంటే రూట్ అధికారమూ కావాలి. రెండూ ఒకే చోట ఉంటే అంతకంటే ప్రమాదం ఉందా? నీల్స్ ప్రోవోస్ దాన్ని రెండుగా చీల్చాడు. ఒకటి చిన్నది, రూట్ అధికారం దానిది, బయటివాళ్లతో మాటలుండవు. రెండోది పెద్దది, బయటివాళ్లతో మాట్లాడేది అదే, కానీ దాని చేతిలో ఏ అధికారమూ ఉండదు. పని చూసుకునేది ఖాళీ డైరెక్టరీలో బందీగా. అది ముందే ఒప్పుకున్న కొన్ని ప్రశ్నలు మాత్రమే చిన్నదాన్ని అడగగలదు: ఈ పాస్‌వర్డ్ సరైనదేనా, ఈ తాళం చెల్లుతుందా, అంతవరకే. 2002 జూన్‌లో ఆ ప్రోగ్రామ్‌లోనే ఒక పెద్ద కన్నం బయటపడింది. ఆ జట్టులోని థియో డి రాట్ కన్నం వివరాలు చెప్పకుండానే ముందుగా అందరినీ చీల్చిన కొత్త రకానికి మారమన్నాడు. చాలామంది గొణిగారు, ఏమిటో చెప్పకుండా మారమంటే ఎలా అని. మారినవాళ్ల దగ్గర కన్నంలోంచి దూరినా, దూరినవాడు ఆ ఖాళీ డైరెక్టరీలోనే ఇరుక్కునేవాడు.

నీ ఫోనులో కూడా ఇదే వ్యవహారం. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ వేరే నంబరు, 10000 దగ్గర మొదలవుతుంది. పాటల యాప్‌కి నీ బ్యాంకు యాప్ ఫైళ్లు పరాయి మనిషి ఫైళ్లతో సమానం. మీ అన్నయ్య స్నేహితులు ఫోన్ ‘రూట్’ చేశామని గొప్పగా చెప్పుకుంటారు చూడు, కొన్నిసార్లు వాళ్లు చేసేదీ ఇలాంటి కన్నంలోంచి దూరి సున్నా నంబరు పట్టుకోవడమే. సొంత ఫోన్ కాబట్టి అది దొంగతనం కాదు. కానీ ఆ తర్వాత వచ్చే యాప్ ఒకటి ఆ సున్నాని అడిగి పుచ్చుకుంటే ఈ గోడలన్నీ కూలినట్టే. నన్నడిగితే బ్యాంకు యాప్ ఉన్న ఫోన్‌తో ఆ సరదా వద్దంటాను.

సెట్‌యూఐడీ గుర్తు మాత్రం ఇంకా పోలేదు. 2022 జనవరిలో, ఆ గుర్తే ఉన్న పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రామ్‌లో క్వాలిస్ అనే భద్రతా సంస్థవాళ్లు కన్నం కనిపెట్టారు. 2009నుంచి, అంటే అది పుట్టినప్పట్నుంచీ అందులోనే ఉంది. ఏ ప్రోగ్రామ్‌ని నడిపినా దానికి అందే జాబితాలో మొదట దాని పేరే ఉంటుందని ఆ ప్రోగ్రామ్ నమ్మకం. ఖాళీ జాబితా ఇచ్చేవాడు ఉంటాడని అనుకోలేదు. ఖాళీగా ఇస్తే అది పక్క మెమరీలోకి జారి, మోసగాడు అక్కడ పెట్టిన మాటలనే ఆజ్ఞలుగా తీసుకుంది, రూట్ హోదాలో. అప్‌డేట్ వచ్చేలోపు ఏం చెయ్యాలని అడిగితే నిపుణులు ఇచ్చిన సలహా ఒకటే: ఆ ప్రోగ్రామ్ మీద ఉన్న సెట్‌యూఐడీ గుర్తు తీసేయండి.

అలాంటివి నీ లాప్‌టాప్‌లో ఎన్ని ఉన్నాయో నువ్వే చూడొచ్చు. ఫైండ్ అనే కమాండ్‌కి మొత్తం డిస్కు వెతకమని చెప్పి, అనుమతుల దగ్గర మైనస్ 4000 అని ఇవ్వు. జాబితా వస్తుంది. పాస్‌వర్డ్ మార్చేది, రూట్ హోదాలో పని చేయించే సూడో, డిస్కులు తగిలించే మౌంట్, ఇలాంటివి ఉంటాయి, వాటితో పేచీ లేదు. నీ హోమ్ ఫోల్డర్‌లోనో తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్‌లోనో, రూట్ పేరు మీద అలాంటి గుర్తున్న ఫైలు ఒక్కటి కనిపించినా సరే, ముందు నెట్ పీకేసి నాకు ఫోన్ చెయ్యి.